జలగ నాడుల్లో తయారయ్యే రక్షక పెప్టైడ్లు

[దృశ్యం: కోనసీమలో సార్వా ఊడ్పులు, బోదె నీటిలో ఈదుతున్న జలగ]

వ్యాఖ్యానం: మోకాటి లోతు బురదలో ఊడ్పులు ఊడ్చే గోదావరి డెల్టా కూలీలకూ, పంట కాలువలో గేదెలను కడిగే రైతులకూ జలగ కొత్త కాదు. ఉప్పో సున్నమో అద్ది దానిని వదిలించుకోవడం ఇక్కడి పిల్లలకు సైతం తెలుసు. అయితే పేడ, కుళ్ళిన ఆకులు, లెక్కలేనన్ని బాక్టీరియాలు కలిసిన నీటిలో బ్రతికే ఈ మెత్తని ప్రాణికి మనకున్నట్లు ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) లేవు. దాని గాయాలను కాపాడే వాటిలో ముఖ్యమైనవి సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లు, అంటే పొట్టి ప్రోటీన్లు.

[దృశ్యం: బొమ్మ, బాక్టీరియా పొరకు అతుక్కుంటున్న పెప్టైడ్లు]

ఇటువంటి పెప్టైడ్లలో అధిక భాగం ధనావేశం కలవి. బాక్టీరియా పొర ఋణావేశంతో ఉంటుంది కనుక అవి దానికి అతుక్కుని, పొరలో చొరబడి, దానిని ఛిద్రం చేస్తాయి. జంతుకణాల పైపొరలో ఆ ఆవేశం తక్కువ కావడం, కొలెస్ట్రాల్ ఆ పొరకు బిగువునివ్వడం వల్ల మన కణాలకు ముప్పు తక్కువ.

[దృశ్యం: జలగ నాడీ రజ్జువు]

ఇక్కడినుంచి విషయం మరింత అబ్బురంగా ఉంటుంది. మన వెన్నుపాము తెగితే తిరిగి అతకదు. జలగ నాడీ రజ్జువు మాత్రం తెగిన చోట మళ్ళీ పెరిగి పనిచేయగలదు. ఐరోపా వైద్య జలగపై ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో, పరిమితంగా బాక్టీరియా సోకినప్పుడు ఆ మరమ్మతు మరింత చురుకుగా సాగినట్లు తేలింది. న్యూరోమాసిన్, హెచ్ఎం-లంబ్రిసిన్ అనే రెండు పెప్టైడ్లను నాడీకణాలూ, వాటిని కనిపెట్టుకుని ఉండే మైక్రోగ్లియా కణాలూ తయారుచేస్తాయి. అవి తెగిన చోటికి చేరి బాక్టీరియాను చంపడమే కాక, నాడి తిరిగి పెరగడానికీ తోడ్పడతాయి. కాపలా, మరమ్మతు రెండూ ఒకే అణువు చేయడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటె విలువైన విషయంగా తోస్తుంది.

[దృశ్యం: ఆసుపత్రిలో అతికించిన వేలిపై జలగ]

అలాగని జలగ శుభ్రమైన ప్రాణి అనుకోరాదు. రక్తం అరిగే దాని పేగులో ఏరోమోనాస్ బాక్టీరియా నిశ్చింతగా కాపురముంటుంది. అమెరికా 2004లో వైద్య జలగల అమ్మకాన్ని అనుమతించినా, తెగిపోగా తిరిగి అతికించిన వేళ్ళలో నిలిచిన రక్తాన్ని తీయడానికి వాటిని వాడే వైద్యులు రోగికి ముందుగానే యాంటీబయాటిక్ ఇస్తున్నది అందుకే. వారు వాడేవి పెంపక కేంద్రాల్లో పెంచిన జలగలు; ఒకరికి పట్టించిన దానిని మరొకరికి వాడరు. మన కాలువ జలగ అంతకుముందు ఏ గేదెను పట్టిందో ఎవరికీ తెలియదు కనుక, దానిని పుండుపై పట్టించవద్దని డెల్టా ప్రజలను మనవి చేస్తున్నాను.