వంశధార దిబ్బ మీద సర్కారు తుమ్మతో కుస్తీ | డల్లాస్ టు శ్రీకాకుళం

నమస్తే అండీ! సంక్రాంతికి ఊరొచ్చాం. ఇవాళ అరిసెల వీడియో కాదు, వంశధార మధ్యలో ఇసుక దిబ్బ మీద ఉన్నాం. నీళ్లు మోకాలి లోతే, నడిచే వచ్చేశాం.

చూడండి, ఎటు చూసినా సర్కారు తుమ్మే. ఒకప్పుడు ఇక్కడంతా రెల్లు, వావిలి ఉండేవట. ఇసుక తవ్వకాలకి నేల బోడైపోయి, ఇది దూరింది. 1870ల్లో దొరలు కడప జిల్లా కమలాపురంలో వంటచెరుకు కోసం దీని విత్తనాలు వేయించారు. పుట్టిల్లు అమెరికా ఖండాలే. దీని దగ్గరి చుట్టం మెస్కీట్ కట్టెల మీద మా డల్లాస్‌లో మాంసం కాలుస్తారు, ఆ పొగ వాసనంటే పడి చస్తారు! ఇక్కడేమో ఆదివారం వస్తే మా ఊరి కుర్రాళ్లు గునపాలు పట్టుకుని దీని వెంట పడుతున్నారు.

దగ్గరగా చూపిస్తాను. మా తమ్ముడు మొదలు చుట్టూ జానెడుకి పైగా తవ్వి, వేరు దగ్గర నరుకుతున్నాడు. పైపైన కొడితే మళ్లీ గుబురుగా చిగురేస్తుంది.

"జేసీబీ పెట్టండి, డబ్బులు మేం వేస్తాం" అని మన ఎన్నారై గ్రూపులో అన్నారు. మావయ్యకి అదే చెప్పాను. "జేసీబీ దిగితే ఉన్న నాలుగు రెల్లు దుబ్బులూ లేచిపోతాయి అల్లుడూ. ఇసకని పట్టుకునేది ఏటి మరి? వరదొస్తే దిబ్బే ఉండదు" అన్నారు.

అన్నట్టు, నా రన్నింగ్ షూ సోల్‌లోంచి ముల్లు లోపలికి దిగింది. టైరు చెప్పుల మావయ్యకి ఏమీ కాలేదు!

తుమ్మ తీసేసిన చోట మళ్లీ మన మొక్కలు నాటేదెప్పుడంటారా? తొలకరికి. ముందు అంచుల్లో రెల్లు, వట్టివేరు, వావిలి కొమ్మలు. అవి కుదురుకున్నాకే లోపల కానుగ, నేరేడు, ఏరుమద్ది. ఫొటోల కోసం ముందే నాటేస్తే వరదకి కొట్టుకుపోతాయి. 2018లో తిత్లీ తుఫానప్పుడు ఈ నది ఎలా పొంగిందో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు.

అసలు టెన్షన్ మేకలతో. ఈ తుమ్మ కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు తింటాయి, గింజలు పెంటికల్లో పడి మొలుస్తాయి. అందుకే కర్రలు బొగ్గుకి పంపి, కాయలు గోనెసంచుల్లోకి ఏరి కాల్చేస్తున్నాం. కాపర్లతో మాట్లాడే పని నాకు అప్పగించారు, అమెరికా నుంచి వచ్చినోడి మాట వింటారని. ఒక పెద్దాయన నేను చెప్పిందంతా విని, "బాగుంది బాబూ, మరి మేకలకి ఏటి పెట్టమంటావు?" అన్నాడు. న్యాయమే కదా! ఊరి గట్టున మేతకి అవిసె వేద్దామని మావయ్య అంటున్నారు. పెద్దాయన ఇంకా సరేననలేదు.