టార్క్ కన్వర్టర్ ఎంచుకునే ముందు: పెట్టె మీది స్టాల్ అంకె మీ కారుది కాదు

నమస్కారం అండి. ఈ టేబుల్ మీద మూడు టార్క్ కన్వర్టర్లు ఉన్నాయి చూడండి. ఆటోమేటిక్ కారులో ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు చేర్చే భాగం ఇది. ఎడమ వైపున్న పెద్దది కారుతో పాటే వచ్చింది, వ్యాసం దాదాపు 12 అంగుళాలు. మధ్యలోది 10 అంగుళాలది. దీనికి లాకప్ క్లచ్ ఉంది, అంటే ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ జారకుండా నేరుగా కలిపేది. పెట్టె మీద స్టాల్ 2,800 అని రాసి ఉంది. కారు కదలకుండా ఉంటే ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం దాకా లేస్తుందో ఆ అంకె అది, వివరంగా తర్వాత చెబుతాను. కుడి వైపు చిన్నది 8 అంగుళాలది, లాకప్ లేదు, కేవలం రేస్ కోసం చేసింది. మూడింటినీ వాడాక అడ్డంగా కోయించాను. అందుకే లోపలి రెక్కలు మీకు కనిపిస్తున్నాయి.

ఆటోమేటిక్ కారులో పవర్ పెంచిన చాలామంది తర్వాత కొనేది ఇదే. కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, "స్టాల్ ఎంత?" అని. నేనూ అలాగే కొన్నాను. నా ఇంజన్‌లో పెద్ద మార్పులేమీ లేవు. అయినా 3,500 స్టాల్ అంటే పికప్ అదిరిపోతుందని అమ్మినవారు చెబితే నమ్మి వేయించాను. రెండు వారాలు సరదాగానే ఉంది. ఆ తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ తీసి చూస్తే నల్లగా మారి, మాడు వాసన వస్తోంది. ఎందుకలా అయిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు అంత సమయం పట్టకూడదనే ఈ వీడియో.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్ల పోలిక మీరు వినే ఉంటారు. ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది. ఆ పోలిక ఫ్లూయిడ్ కప్లింగ్‌కు సరిపోతుంది కానీ దీనికి చాలదు. 1939లో వచ్చిన జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్‌లో ఉన్నది ఫ్లూయిడ్ కప్లింగే. అది టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఇటు నుంచి అటు చేరవేస్తుంది, పెంచదు. పెంచే భాగం ఇదిగో, మధ్యలో ఉన్న ఈ చిన్న చక్రం. దీన్ని స్టేటర్ అంటారు. ఇంజన్‌తో పాటు తిరిగే రెక్కలు ఆయిల్‌ను విసిరి కొడతాయి, గేర్‌బాక్స్ షాఫ్ట్‌కు ఉన్న టర్బైన్ రెక్కలు ఆ దెబ్బను తీసుకుంటాయి. అక్కడి నుంచి ఆయిల్ ఎదురు దిశలో తిరిగి వస్తుంది. అలాగే వదిలేస్తే అది ఇంజన్‌కే అడ్డుపడుతుంది. స్టేటర్ ఆ ఆయిల్‌ను మళ్లించి, ఇంజన్ తిరిగే దిశలోకే పంపిస్తుంది. దీని లోపల ఒక వైపే తిరిగే క్లచ్ ఉంటుంది, ఇలా చేత్తో తిప్పితే తెలుస్తుంది. ఈ వైపు తిరుగుతోంది, ఆ వైపు కదలదు. జర్మన్ ఇంజనీర్ హెర్మాన్ ఫోటింగర్ ఈ సూత్రానికి 1905లో పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల టర్బైన్ల కోసం. అంత పాత ఆలోచన ఇప్పటికీ మన కార్లలో తిరుగుతోందంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

కారు కదలకుండా ఉండి, ఇంజన్ మాత్రం గట్టిగా తిరుగుతున్నప్పుడు టార్క్ ఎక్కువగా పెరుగుతుంది. మామూలుగా రెండింతలు, కొన్నింటిలో రెండున్నర దాకా. కారు వేగం అందుకునే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. టర్బైన్ వేగం ఇంజన్ వేగంలో సుమారు 90 శాతానికి చేరేసరికి పెరుగుదల ఆగిపోతుంది, స్టేటర్ కూడా ఆయిల్‌తో పాటు ఊరికే తిరుగుతుంది.

ఇప్పుడు స్టాల్ సంగతి. టర్బైన్‌ను కదలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆగుతుందో అది స్టాల్ స్పీడ్. చాలామంది దీన్ని కన్వర్టర్ గుణం అనుకుంటారు. కాదు, అది కన్వర్టర్, ఇంజన్ రెండూ కలిస్తే వచ్చే అంకె. కన్వర్టర్‌కు సొంతంగా ఉండేది కే ఫ్యాక్టర్. స్టాల్ ఆర్‌పీఎంను, ఆ ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ ఇచ్చే టార్క్ వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది.

లెక్క చేసి చూద్దాం. 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజన్ వెనక ఒక కన్వర్టర్ 2,400 దగ్గర స్టాల్ అయిందనుకోండి. 400 వర్గమూలం 20, కాబట్టి కే విలువ 120. అదే కన్వర్టర్‌ను తీసి 625 న్యూటన్ మీటర్ల ఇంజన్ వెనక పెడితే? 625 వర్గమూలం 25. నూట ఇరవై ఇంటూ ఇరవై ఐదు, 3,000. 256 న్యూటన్ మీటర్ల చిన్న ఇంజన్ వెనక పెడితే 1,920 మాత్రమే. వస్తువు ఒకటే, అంకెలు మూడు. అందుకే పెట్టె మీద 2,800 అని చూసి కొనకండి. ఏ ఇంజన్‌తో, ఎంత టార్క్ దగ్గర ఆ 2,800 వచ్చిందని అడగండి. దానికి జవాబు చెప్పలేని చోట కొనొద్దని నా గట్టి సలహా. ఒక జాగ్రత్త: కొందరు టార్క్‌ను పౌండ్ ఫుట్‌లలో లెక్కిస్తారు, అప్పుడు కే విలువ వేరుగా వస్తుంది. రెండింటినీ కలపకండి.

టర్బో ఉన్నవాళ్లు ఈ మాట ఇంకా జాగ్రత్తగా వినండి. మీ కారులో ఒకే ఇంజన్ రెండు ఇంజన్లలా ప్రవర్తిస్తుంది. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) రాకముందు టార్క్ 256, వచ్చాక 625 అనుకుంటే, అదే కన్వర్టర్ ముందు 1,920 దగ్గర పట్టేస్తుంది, బూస్ట్ వచ్చాక 3,000 దాకా వదులుతుంది. కన్వర్టర్ మరీ బిగువుగా, అంటే స్టాల్ మరీ తక్కువగా ఉంటే టర్బో తిరగడానికి కావలసిన ఆర్‌పీఎం ఇంజన్‌కు అందదు, కారు స్టార్ట్ లైన్ దగ్గర నిద్రపోయినట్టు ఉంటుంది. మరీ వదులుగా, అంటే స్టాల్ మరీ ఎక్కువగా ఉంటే బూస్ట్ రాగానే పవర్ అంతా ఆయిల్‌లో కరిగిపోతుంది. తయారుచేసేవాళ్లకు బూస్ట్‌కు ముందు టార్క్, తర్వాత టార్క్ రెండూ చెప్పి తీరాలి.

నా ఆయిల్ ఎందుకు మాడిందో ఇప్పుడు చెబుతాను. స్టాల్‌లో టర్బైన్ కదలదు కాబట్టి బయటకు పవర్ ఏమీ వెళ్లదు. ఇంజన్ ఇచ్చిందంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. 400 న్యూటన్ మీటర్లు, 2,400 ఆర్‌పీఎం అంటే దాదాపు 100 కిలోవాట్లు. ఒక్కోటి ఒక కిలోవాట్ ఉండే హీటర్లను వంద ఒకేసారి అంత చిన్న డబ్బాలో ముంచినట్టు. కన్వర్టర్‌లో సుమారు 4 కిలోల ఆయిల్ ఉందనుకుంటే, ఆ వేడి అంతా ఆయిల్‌కే చేరితే సెకనుకు 12 డిగ్రీల దాకా పెరుగుతుంది. వర్క్‌షాప్ మాన్యువల్స్‌లో స్టాల్ టెస్ట్ 5 సెకన్లకు మించి చేయొద్దని రాసేది ఇందుకే. స్టాల్ ఎక్కువగా ఉన్న కన్వర్టర్‌తో ట్రాఫిక్‌లో తిరగడమంటే, ఇదే పని చిన్న మోతాదులో రోజంతా చేయడం. నా కారులో జరిగింది అదే. కాబట్టి వదులు కన్వర్టర్ కొంటే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, ఆయిల్ టెంపరేచర్ మీటర్ కూడా కొనండి. ముందు మీటర్, తర్వాత కన్వర్టర్ అని కూడా అంటాను.

ఒక అపోహ తీసేయాలి. 3,000 స్టాల్ అంటే 3,000 ఆర్‌పీఎం దాకా కారు కదలదని కొందరు భయపడతారు. అలా ఏమీ ఉండదు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే ఇంజన్ ఇచ్చే టార్క్ కూడా తక్కువే, కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే కారు కదులుతుంది. కానీ తొక్కిన ప్రతిసారీ ముందు ఆర్‌పీఎం లేచి, తర్వాత కారు అందుకుంటుంది. ఆ తేడా మీకు నచ్చుతుందా లేదా అన్నది నడిపి చూస్తేనే తెలుస్తుంది.

ఎంపికకు నేను చేసే లెక్క ఇది. మొదట నా కారు హైవే మీద ఏ ఆర్‌పీఎంలో నడుస్తుంది? గంటకు 90 కిలోమీటర్లు అంటే నిమిషానికి 1,500 మీటర్లు. టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే చక్రం నిమిషానికి 750 సార్లు తిరుగుతుంది. వెనక యాక్సిల్ రేషియో 3.5, టాప్ గేర్ 0.7 అయితే దాదాపు 1,840 ఆర్‌పీఎం. ఇక 2,800 స్టాల్ కన్వర్టర్‌కు లాకప్ లేకపోతే, హైవే మీద గంటల తరబడి ఇంజన్ దాని స్టాల్ కంటే చాలా కింద నడుస్తూ, ఆయిల్ జారుతూనే ఉంటుంది. లాకప్ ఉంటే ఆ క్లచ్ పట్టుకోగానే జారడం ఆగుతుంది, వేడి తగ్గుతుంది, మైలేజీ కూడా నిలబడుతుంది. రోడ్డు మీద నడిపే కారుకు లాకప్ లేని కన్వర్టర్ వద్దే వద్దు. మీ గేర్‌బాక్స్‌లో లాకప్ సదుపాయమే లేకపోతే స్టాల్ విషయంలో ఇంకా తక్కువకు దిగండి.

తర్వాత ఇంజన్ పవర్ ఎక్కడ మొదలవుతుందో చూస్తాను. ఇంజన్ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ 2,500 ఆర్‌పీఎం నుంచి బాగా పనిచేస్తుందంటే స్టాల్ 2,800, 3,000 మధ్య చాలు. కారు బరువు, గేర్ రేషియో కూడా చెప్పాలి, ఎందుకంటే బరువైన కారులో ఇదే కన్వర్టర్ ఇంకాస్త పైన స్టాల్ అవుతుంది. బ్రేక్ తొక్కి కొలిచిన స్టాల్‌ను మాత్రం నమ్మకండి. పవర్ ఉన్న ఇంజన్ బ్రేకులను తోసుకుని చక్రాలను తిప్పేస్తుంది, అసలు అంకె రాకముందే.

ఇప్పుడు ఈ మూడింటి లోపలికి వద్దాం. పెద్దదాంట్లో రెక్కలను లోహపు పలకకు ఊరికే మడతపెట్టి బిగించారు. మామూలు పవర్‌కు అది చాలు. మధ్యదాంట్లో ప్రతి రెక్కకూ కొలిమిలో బ్రేజింగ్ చేశారు, అంటే వేరే లోహం కరిగించి అతికించారు, ఈ పసుపు గీత అదే. పవర్ పెరిగినప్పుడు రెక్కలు వంగకుండా ఆపేది ఇదే. స్టేటర్‌కు రెండు వైపులా వాషర్లకు బదులు రోలర్ బేరింగులు ఉన్నాయి. ముందు మూతను ఘన ఉక్కు దిమ్మ నుంచి కోసి చేశారు, ఎందుకంటే లోపల ఒత్తిడి పెరిగితే పల్చటి మూత బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బితే అది క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది, ఇంజన్ థ్రస్ట్ బేరింగ్ పోతుంది. కన్వర్టర్‌లో మిగుల్చుకున్న డబ్బు ఇంజన్‌లో పోయే దారి ఇదే. లాకప్‌కు ఒక్క పలక కాకుండా మూడు ఉన్నాయి. ఒక్క పలకదైతే ఫుల్ యాక్సిలరేటర్‌లో లాక్ చేయకండి, జారి కాలిపోతుంది.

చిన్నది చూస్తే అందంగా ఉంటుంది. ట్రాక్ మీద దీన్ని మించింది నేను వాడలేదు, తేలికగా ఉంటుంది, ఇంజన్ వెంటనే పైకి లేస్తుంది. రోడ్డుకు ఇది అస్సలు పనికిరాదు. నా ఓటు మధ్యదానికే. పెద్దదాన్ని కూడా చిన్నచూపు చూడొద్దు, ఇంజన్‌లో ఏ మార్పూ లేని కారుకు అంతకంటే మంచిది లేదు.

కంప్యూటర్ నడిపే గేర్‌బాక్స్ అయితే కన్వర్టర్ మార్చాక ట్యూనింగ్ కూడా మార్పించండి. లేదంటే కంప్యూటర్ కొత్త జారుడును తప్పుగా చదివి పీ0741 (లాకప్ సరిగా పట్టడం లేదని చెప్పేది) లాంటి కోడ్ చూపించవచ్చు. అది చూసి కన్వర్టర్ పాడైందని కంగారు పడకండి, ముందు ట్యూనింగ్ చూడండి.

చివరిగా బిగింపు. ఇక్కడ తొందరపడితే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పగిలిపోతుంది. బిగించే ముందు కన్వర్టర్‌లో ఒక లీటరు దాకా ఆయిల్ పోయండి. షాఫ్ట్ మీదికి ఎక్కించి మెల్లగా తిప్పుతూ నెట్టండి. టర్బైన్, స్టేటర్, పంపు మూడు చోట్ల పళ్లు కుదరాలి, కాబట్టి అది మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు బిగించాక, ఫ్లెక్స్‌ప్లేట్ (కన్వర్టర్‌ను బిగించే, ఇంజన్ వెనక ఉండే పలక) బోల్టులు పెట్టకముందు, కన్వర్టర్ చేత్తో సులువుగా తిరగాలి. ఫ్లెక్స్‌ప్లేట్‌కు, దానికి మధ్య సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి, మీ తయారీదారు వేరే కొలత ఇస్తే అదే పాటించండి. సందే లేకపోతే బోల్టులతో లాగి దగ్గర చేయకండి. గేర్‌బాక్స్ దించండి, కన్వర్టర్ మళ్లీ ఎక్కించండి, మళ్లీ కొలవండి.