మాంసపు కోళ్ల సంకరం: పుంజును వదిలే ముందు, వదిలిన తర్వాత

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నాటు పెట్టల మీద బ్రాయిలర్ రకం పుంజును వదిలితే పిల్లలు త్వరగా బరువెక్కుతాయి. నిజమే. కానీ ఆ బరువంతా సంకర తేజం (రెండు జాతులు కలిసినప్పుడు పిల్లలు తల్లిదండ్రుల సగటును మించడం) వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. లెక్క చూడండి. ఎనిమిది వారాలకు తల్లి జాతి పిల్లలు 500 గ్రాములు, తండ్రి జాతి పిల్లలు 1,500 గ్రాములు తూగుతాయనుకుందాం. సగటు 1,000. సంకర పిల్లలు 1,060 తూగితే సంకర తేజం ఇచ్చింది ఆ 60 గ్రాములే. మిగతాది తండ్రి జాతిని తరతరాలుగా ఏరి పెంచిన ఫలితం. సంకర తేజం గట్టిగా కనిపించేది గుడ్ల సంఖ్యలో, పిల్లలు తట్టుకుని బతకడంలో.

అందుకే బ్రాయిలర్ల తయారీలో బరువు కోసం కార్నిష్ వంశాన్ని తండ్రి వైపు, గుడ్ల కోసం వైట్ ప్లిమత్ రాక్ వంశాన్ని తల్లి వైపు విడిగా మెరుగుపరిచి, ఆఖరున కలుపుతారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వనరాజా రకం కోడి కూడా రెండు వంశాల కలయికే.

ఇక పని దగ్గరికి వద్దాం. పాత పుంజును తీసేసిన రోజే కొత్తదాన్ని వదిలి, పుట్టిన పిల్లలన్నీ కొత్తదానివే అనుకోకండి. పెట్ట గర్భనాళంలో పాత పుంజు వీర్యకణాలు రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం బతికే ఉంటాయి. మూడు వారాలు గడిచాక వచ్చిన గుడ్లనే పొదగడానికి పెట్టండి. ఎనిమిది పెట్టలకు ఒక పుంజు చాలు. పుంజుకు దాణా కొలిచి పెట్టాలి. కడుపునిండా మేస్తే ఒళ్లు, కాళ్లు బరువెక్కి పెట్టతో జతకట్టలేకపోతుంది, గుడ్లు పిల్ల కట్టని వట్టి గుడ్లవుతాయి.

పుంజు మరీ పెద్దదైతే చిన్న పెట్టల వీపు గోళ్లకు చీరుకుపోతుంది. అక్కడ కృత్రిమ గర్భధారణే మేలు. పెట్టలు గుడ్లు పెట్టేశాక, మధ్యాహ్నం మూడు దాటిన తర్వాత, నీరు కలపని వీర్యం 0.05 మిల్లీలీటర్లు వేయాలి. సేకరించిన అరగంటలోపే వాడేయాలి. వారానికొకసారి సరిపోతుంది.

గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా, 15–18 డిగ్రీల చల్లదనంలో, వారానికి మించకుండా నిల్వ ఉంచండి. ఫ్యాన్‌తో గాలి ఆడే ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీలు. 18 రోజులు తిప్పుతూ ఉండాలి, చివరి మూడు రోజులు తిప్పకూడదు. పిల్ల బరువు గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది కాబట్టి మరీ చిన్న గుడ్లను పక్కన పెట్టేయండి.

చాలామంది దెబ్బతినేది ఆ తర్వాతే. సంకర పిల్లల్లో బాగున్నవాటిని ఏరి, వాటినే మళ్లీ జత కడతారు. ఆ రెండో తరంలో జన్యువులు చెల్లాచెదురవుతాయి. ఒకే విడత పొదిగిన పిల్లల్లో ఒకటి తాతలా, ఒకటి అమ్మమ్మలా పుడుతుంది, సంకర తేజం కూడా సగం పోతుంది. అమ్మకం రోజుకు సైజు కుదరదు, వ్యాపారి ధర కోస్తాడు. కాబట్టి సంకర పిల్లలన్నీ మాంసానికే పోవాలి. అసలు జాతి పెట్టలను, పుంజులను విడిగా కాపాడుకుని ప్రతిసారీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

కలయిక పనికొచ్చిందో లేదో తేల్చడానికి తల్లి జాతి, తండ్రి జాతి, సంకర పిల్లలను ఒకే రోజు పొదిగించి, రెక్కకు నంబరు కట్టి, ఒకే షెడ్డులో ఒకే దాణా మీద పెంచండి. నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు పొద్దున్నే దాణా వేయకముందు తూకం వేయండి. పుంజు పిల్లల లెక్క, పెట్ట పిల్లల లెక్క వేర్వేరుగా రాయండి. తిన్న దాణా, చనిపోయిన పిల్లల సంఖ్య కూడా పక్కనే ఉండాలి.