విందు చెడేది తలుపు దగ్గరే

అధ్యక్షులకు, పెద్దలకు, కార్యకర్తలకు నమస్కారం. నాకిచ్చిన అంశం సభ ముగిశాక ఆహ్వానితులకు జరిపే విందు నిర్వహణ. వంటకాల జాబితా గురించి అందరూ మాట్లాడతారు గనక నేను తలుపు గురించి మాట్లాడతాను.

సభ అవగానే మూడు వందల మంది ఒక్కసారే లేస్తారు. పక్క హాలు తలుపు దగ్గర ఒక బల్ల, దాని మీద పేర్ల జాబితా. ఒక్కో పేరు వెతకడానికి పది సెకన్లే అనుకోండి, ఒకే బల్ల మీద అందరికీ యాభై నిమిషాలు! ఆ తనిఖీ సభకు వచ్చేటప్పుడే ముగించి, ఆహ్వానితులకు వేరే రంగు బ్యాడ్జీ ఇస్తే తలుపు దగ్గర ఎవరినీ ఆపనక్కర్లేదు.

ఇంకొకటి. రెండు రెక్కల తలుపుకు ఒక రెక్కే తెరిచి ఉంటుంది. రెండోదానికి పైనా కిందా గడియలు. పై గడియ అందక ఎవరూ ముట్టుకోరు. ముందు రోజే తీయించి చూడండి, దయచేసి. నీళ్ల బల్ల గుమ్మానికి ఆనుకుని ఉండకూడదు. గ్లాసు అందుకున్న మనిషి అక్కడే నిలబడి తాగుతాడు, వెనక వరుస ఆగిపోతుంది. వడ్డన బల్లల్ని గోడకు ఆనించకుండా, రెండు వైపులా నడిచేలా గది లోపలి చివర వేయండి.

నిలబడి తినే విందు కదా అని కుర్చీలు మానేస్తున్నారు. ఎంత అన్యాయం! గంటల తరబడి సభలో కూర్చున్న పెద్దవాళ్లు ఒక చేత్తో పళ్లెం, మరో చేత్తో గ్లాసు పట్టుకుని ఎలా తింటారు? కనీసం మూడో వంతు మందికైనా కుర్చీలు వేయండి. మిగతావారికి మూడున్నర అడుగుల ఎత్తు బల్లలు ఉండాలి.

పాటల సంగతి కూడా చెప్పాలి. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లోనే చెప్పాడు. అందరూ గొంతు పెంచితే గదంతా అరుపులే. స్పీకర్ శబ్దం తగ్గించండి, పలకరింపుల కోసమే కదా పిలిచింది!

ఇక వంట. ఉపన్యాసాలు సాగితే వంటవాళ్లకు చెప్పేవారుండరు. ముగింపుకు ఇరవై నిమిషాల ముందు కబురు అందించే మనిషిని పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలి, చల్లనిది 5 డిగ్రీల లోపు. వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. ఆ లెక్క అతిథి వచ్చినప్పటి నుంచి కాదు, గిన్నె బయట పెట్టినప్పటి నుంచి. మూత మీద ఆ సమయం రాసి అంటించండి, గడువు దాటిన గిన్నె తీసేసే అధికారం ఒక్కరికి ముందే ఇవ్వండి, అడ్డుపడేది కార్యదర్శే అయినా సరే.