ఆడిటర్ గారి రెండో టేబుల్

శ్రోతలకు నమస్కారం. ఆడిటర్ గారి ఆఫీసుకి మనం ఏడాదికి ఒక్కసారి వెళ్తాం, జూలైలో, రిటర్ను వేయడానికి. మా మామయ్య కూడా అంతే. తెనాలిలో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు.

2010లో నాలుగు లక్షలకి కొన్న స్థలాన్ని 2024 అక్టోబరులో ఇరవై నాలుగు లక్షలకి అమ్మారు. డబ్బంతా బ్యాంకులో ఎఫ్‌డీ వేసి నిశ్చింతగా ఉన్నారు. జూలైలో ఆడిటర్ గారు కాగితాలు చూసి, "మాస్టారూ, మార్చిలో ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేది కదా" అన్నారు. "అప్పుడు రిటర్ను పని లేదు కదండీ, ఎందుకు రావాలి?" అన్నారు మామయ్య.

లాభం ఇరవై లక్షలు. పన్నెండున్నర శాతం పన్ను, దానిమీద సెస్సు, మొత్తం రెండు లక్షల అరవై వేలు. అమ్మిన ఆరు నెలల్లోపు ఆ లాభాన్ని ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో అయిదేళ్లకి పెట్టి ఉంటే ఈ పన్ను పడేది కాదు. యాభై లక్షల దాకా పెట్టొచ్చు. మామయ్యకి అయిదేళ్ల దాకా ఆ డబ్బుతో పనే లేదు. కానీ ఆరు నెలలు దాటిపోయాయి. ఆరు నెలలు!

అందుకే పన్ను లెక్కలూ, పొదుపు సలహాలూ ఒకే ఆఫీసులో దొరకడం మంచిదే అంటాను. మన ఆస్తి, అప్పు, పెన్షను అన్నీ ఆడిటర్ గారికి తెలుసు. పక్కనే పెట్టుబడుల సంగతి చూసే రెండో టేబుల్ ఉంటే, అక్టోబరులోనే మామయ్యకి ఫోన్ వచ్చేది.

అయితే ఆ రెండో టేబుల్‌కి జీతం ఎక్కడినుంచి వస్తుందో మనం అడగాలి. కొందరు మన దగ్గర ఫీజు తీసుకుంటారు. కొందరికి మ్యూచువల్ ఫండ్ కంపెనీ కమీషన్ ఇస్తుంది, మన డబ్బు అందులో ఉన్నన్నాళ్లూ ఇస్తుంది. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. షేర్లు, ఫండ్ల మార్కెట్‌ని అదుపుచేసే సంస్థ సెబీ నిబంధన కూడా ఉంది: రిజిస్టరైన సలహాదారు ఒకే క్లయింటు దగ్గర సలహాకి ఫీజూ, అమ్మకం మీద కమీషనూ రెండూ తీసుకోకూడదు. పన్ను పని చేసిపెట్టే మనిషిని మనం ఇంట్లోవాళ్లలా నమ్ముతాం. అందుకే ఇక్కడ అడగడానికి మొహమాటం ఎక్కువ. అయినా అడగండి: "ఈ సలహాకి మీకు డబ్బు ఎవరిస్తారండీ? నేనా, ఫండ్ కంపెనీయా?" ఒక్క ప్రశ్న. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న.

ఇప్పటికే మ్యూచువల్ ఫండ్ ఉన్నవాళ్లు స్టేట్‌మెంట్ తీసి పథకం పేరు చివర చూడండి. 2013 నుంచి ప్రతి పథకం రెండు రకాలుగా వస్తోంది. 'డైరెక్ట్' అని ఉంటే అందులో కమీషన్ లేదు. 'రెగ్యులర్' అని ఉంటే ఉంది. అది ఎవరికి వెళ్తోందో, బదులుగా మీకు ఏం చేసిపెడుతున్నారో రేపు ఫోన్ చేసి కనుక్కోండి. నమస్కారం.