స్టోక్ రో బావి దగ్గర

అందరికీ నమస్కారం. పిల్లల్ని కాస్త ఇటు పిలవండి, బావికి మూత ఉంది కాబట్టి భయం లేదు గానీ ఆ చెర్రీ చెట్లు ఎక్కితేనే కష్టం. పులిహోర ఎక్కడికీ పోదు, ఓ పది నిమిషాలు నా మాట వినండి.

ఈ ఊరు స్టోక్ రో, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిల్టర్న్ గుట్టల మీద ఉంది. చుట్టూ బీచ్ (beech) అనే కలప చెట్ల అడవి, ఒకప్పుడు ఈ గుట్టల్లో ఆ కలపతో కుర్చీ కాళ్ళు చేసి బతికేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. 1846లో కట్టిన చర్చి ఒకటుంది, ఓ పాత పబ్బు ఉంది, 1998లో టైటానిక్ సినిమా నటి కేట్ విన్స్‌లెట్ పెళ్ళి విందు అందులోనే. ఇక మిగిలింది మనం నిలబడ్డ ఈ చోటే.

ఇంగ్లండ్‌లో నీళ్ళ కరువేంటి అనుకుంటాం కదా, ఇక్కడ కింద అంతా సుద్దరాయి, పడ్డ వాన పడ్డట్టే లోపలికి దిగిపోద్ది. జనం బంకమట్టి గుంటల్లో నిలిచిన నీళ్ళే వాడుకునేవాళ్ళు, అవీ ఎండితే అంతే సంగతులు. పక్క ఊరు ఇప్స్‌డెన్ జమీందారు కుటుంబం నుంచి ఎడ్వర్డ్ రీడ్ అని ఒకాయన ఇండియాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేశాడు, కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో స్నేహం. ఇంట్లో ఉన్న ఆఖరి నీళ్ళు తాగేశాడని ఓ పిల్లాణ్ణి వాళ్ళమ్మ చితకబాదడం మా ఊళ్ళ వైపు చూశానని ఆయన రాజుగారికి చెప్పాడట, అది రాజుగారి మనసులో ఉండిపోయింది.

ఆ రాజుగారి డబ్బుతోనే 1863 మార్చిలో ఈ బావి తవ్వకం మొదలు. మొత్తం మనుషులే తవ్వారు, వెడల్పు నాలుగు అడుగులు, లోతు 368 అడుగులు! దాదాపు రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత లోతు. ఆ ఇరుకులో కిందున్న మనిషి సంగతి ఆలోచించండి, నాకైతే తల్చుకుంటేనే ఊపిరాడదు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావి జనానికి ఇచ్చేశారు. అదుగో గుమ్మటం, దాని కింద తోడే యంత్రం, పైన బంగారు రంగు ఏనుగు బొమ్మ, హ్యాండిల్ తిప్పి ఒక్క బకెట్ పైకి లాగడానికి పది నిమిషాలు పట్టేదట. నీళ్ళు ఊరందరికీ ఫ్రీ. ఈ చెర్రీ తోట కూడా ఊరికే వేసింది కాదు, పళ్ళ డబ్బులు బావి ఖర్చులకి.

అంతా దానగుణమేనా అంటే, నేను అలా అనను. 1857 తిరుగుబాటులో ఈ రాజుగారు ఇంగ్లీషువాళ్ళ వైపే నిలబడ్డారు, రాణిగారి కంట్లో పడాలని కూడా ఉండే ఉంటుంది. ఏదైతేనేం, ఊరికి నీళ్ళొచ్చాయి.

మనవాళ్ళ సంగతి కూడా ఒకటుంది. ఇదయిన కొన్నేళ్ళకే మన విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు గారు లండన్ హైడ్ పార్కులో జనం కోసం తాగునీటి ఫౌంటెన్ కట్టించారు. దాన్ని 1964లో తీసేశారు. సరిగ్గా అదే ఏడాది ఈ బావికి వందేళ్ళ పండగ, ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ కూడా వచ్చాడు.