శివారుకూ చేరాలి: ఉపగ్రహ బీమ్ కవరేజ్ విస్తరణపై ప్రసంగం

సభాధ్యక్షులకు, పెద్దలకు, గుంటూరు నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మన విజయవాడలో సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు మా అక్కయ్య కుటుంబం అక్కడే రెండో అంతస్తులో చిక్కుకుపోయింది. మధ్యాహ్నం దాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం. ‘నీళ్లు మెట్ల మీదికి...’ అంటుండగా మాట సగంలో తెగిపోయింది. మళ్లీ ఆమె గొంతు వినడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. అక్కడి టవర్ కూలిపోలేదు. కరెంటు పోయింది, బ్యాటరీలు కొన్ని గంటలు మోసి చేతులెత్తేశాయి, జనరేటర్‌కు డీజిల్ చేర్చే దారి లేకపోయింది. ఉద్యోగ జీవితమంతా టెలికం రంగంలోనే గడిపిన నేను, నేల మీది టవర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండకూడదన్న నిర్ణయానికి ఆ రెండు రోజుల్లోనే వచ్చాను. మొబైల్ నెట్‌వర్క్‌కు ఉపగ్రహాన్ని తోడు చేసినప్పుడు దాని బీమ్, అంటే అది నేల మీదికి పంపే సిగ్నల్ ధార, ఎంత దూరం అందుతుంది, అంచున ఉన్నవాళ్లకు ఏ మేరకు అందుతుంది అన్నదే ఈనాటి నా విషయం.

ఉపగ్రహం పైనుంచి దేశమంతటా సమానంగా సిగ్నల్ కురిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బీమ్ వెడల్పును నిర్ణయించేవి రెండు: తరంగదైర్ఘ్యం, యాంటెన్నా పరిమాణం. యాంటెన్నా పెద్దదయ్యే కొద్దీ బీమ్ సన్నబడుతుంది, సన్నబడే కొద్దీ చిక్కబడుతుంది. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన సమాచార ఉపగ్రహం జీశాట్-6కు గొడుగులా విచ్చుకునే 6 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా అమర్చారు. అంత పెద్ద యాంటెన్నా ఉన్నా, 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి దాని ఎస్-బ్యాండ్ (ఒక రేడియో తరంగాల శ్రేణి) బీమ్ నేలను తాకేసరికి దరిదాపు వెయ్యి కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. అలాంటి ఐదు బీమ్‌లతో దేశాన్ని కప్పారు.

అయితే బీమ్‌ను ఇంకా వెడల్పు చేస్తే కవరేజ్ పెరగదా అని మీరు అడగవచ్చు. వ్యాసం రెట్టింపైతే విస్తీర్ణం నాలుగు రెట్లవుతుంది, అదే శక్తి నాలుగు రెట్ల నేలకు పంచాలి, కాబట్టి ఎవరికైనా అందేది పావు వంతే. ఫోన్ నుంచి పైకి వెళ్లే సిగ్నల్ సంగతి మరీ కష్టం, ఎందుకంటే మన చేతిలోని ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది సుమారు 200 మిల్లీవాట్లు. ఆ సన్నని గొంతును పైన వినాలంటే పెద్ద చెవి కావాలి. 2025 డిసెంబరు 24న మన ఎల్‌వీఎం-3 రాకెట్ కక్ష్యలోకి చేర్చిన, నేరుగా మామూలు ఫోన్లతో మాట్లాడే బ్లూబర్డ్ ఉపగ్రహానికి 223 చదరపు మీటర్ల యాంటెన్నా పలక ఉండటానికి కారణం ఇదే.

ఇక అంచు సంగతి. కవరేజ్ పటంలో బీమ్ చుట్టూ గీసే గీత సాధారణంగా, మధ్యలో ఉన్న శక్తి సగానికి పడిపోయే చోటును సూచిస్తుంది. కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువ నిండుగా పారుతున్నా శివారు ఆయకట్టు రైతు నీటి కోసం గట్టు మీద నిలబడి ఎదురు చూస్తుంటాడు. లెక్కల్లో మాత్రం ఆ పొలం కూడా ఆయకట్టే. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహంతో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 600 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నెత్తిమీద ఉన్నప్పుడు దూరం ఆ 600 కిలోమీటర్లే. అదే అది దిగంతానికి పది డిగ్రీల పైన ఉన్నప్పుడు దూరం 1,900 కిలోమీటర్లు దాటుతుంది, సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది. అందుకే బీమ్ సామర్థ్యాన్ని నడిమధ్యన కాకుండా శివారున కొలవాలని నేను గట్టిగా నమ్ముతాను.

శివారుకు నీరందించడానికి మన ఇరిగేషన్ వాళ్లు వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు వదిలే పద్ధతి, పెడతారు. ఉపగ్రహంలోనూ సరిగ్గా అదే పని చేయవచ్చు. ఒకే వెడల్పాటి బీమ్‌ను నిరంతరం వెలిగించి ఉంచే బదులు, చిక్కని సన్నటి బీమ్‌ను మిల్లీసెకన్ల వంతులతో ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి గెంతిస్తే, అదే శక్తితో ఎన్నో రెట్ల నేలకు సేవ అందుతుంది. ఎక్కడ ఎక్కువ మంది మాట్లాడుతుంటే అక్కడ ఎక్కువ వంతులు ఇవ్వవచ్చు, వరద వచ్చిన కాలనీకి ఆ పూట వంతులన్నీ మళ్లించనూవచ్చు. ఫోన్‌కు నెట్‌వర్క్ జాడ తెలిపే ప్రాథమిక సిగ్నల్‌ను వెడల్పాటి బీమ్ మీదా, అసలు సమాచారాన్ని సన్నటి బీమ్ మీదా పంపే పద్ధతి నాకు అన్నిటికన్నా సమంజసంగా తోస్తుంది.

భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దానితోపాటే బీమ్‌నూ కదలనిస్తే విజయవాడకూ గుంటూరుకూ ఉన్న 35 కిలోమీటర్లను ఐదు సెకన్లలో దాటేస్తుంది, మాట్లాడుతున్న ఫోన్లన్నిటినీ ఐదేసి సెకన్లకు మరో బీమ్‌కు అప్పగిస్తూ పోవాలి. అందుకని ఉపగ్రహం కదులుతున్నా బీమ్ మాత్రం ఒకే చోట నిలిచేలా యాంటెన్నాను ఎలక్ట్రానిక్‌గా తిప్పుతూ ఉంటారు.

ఆ 35 కిలోమీటర్లకు మరో ప్రాముఖ్యం ఉంది. పాత జీఎస్‌ఎమ్ పద్ధతిలో ఒక టవర్ మామూలుగా అందుకోగలిగిన గరిష్ఠ దూరం అదే. అక్కడ హద్దు గీసింది శక్తి కాదు, కాలం. ఆ పద్ధతిలో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి తమకిచ్చిన క్షణాల వంతులోనే సిగ్నల్ పంపాలి. అంతకన్నా దూరాన్నుంచి వచ్చే సిగ్నల్ తన వంతు దాటి పక్కవాడి వంతులోకి చొరబడుతుంది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉపగ్రహంతో ఈ చిక్కు ఎంత పెద్దదో ఊహించండి. మొబైల్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ కూటమి త్రీజీపీపీ 2022లో ఖరారు చేసిన రిలీజ్-17 ప్రమాణం దీనికి చక్కని దారి చూపింది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను ప్రసారం చేస్తుంది, ఫోన్ తన స్థానాన్ని జీపీఎస్ వంటి వ్యవస్థతో తెలుసుకుంటుంది, రెండింటినీ కలిపి ఆలస్యాన్నీ, ఉపగ్రహ వేగం వల్ల తరంగాల పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ మార్పునూ ముందే లెక్కగట్టి ఆ మేరకు సర్దుకుని సిగ్నల్ పంపుతుంది.

ఇన్ని చేసినా ఒక బీమ్ కింద లక్షల మంది ఉంటే అందరికీ వీడియో అందదు. అందాలని నేను అడగను కూడా. ఒక ఎస్‌ఎమ్‌ఎస్‌కు పట్టేది 140 బైట్లు. ‘ఐదుగురం ఉన్నాం, మందులు కావాలి’ అని చెప్పడానికి అది చాలు. బుడమేరు వరదకు రెండు రోజుల ముందు, ఆగస్టు 30న, లక్ష చేపల పడవలకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహంతో సందేశాలు మార్చుకునే పరికరాలు, అమర్చే పథకాన్ని ప్రధానమంత్రి పాల్ఘర్‌లో ప్రారంభించారు. టవర్ అందని సముద్రంలో జాలరి చిన్న సందేశం పంపుకోవడానికి, అందుకోవడానికి ఉద్దేశించిన ఏర్పాటు అది. విపత్తు వేళ ఉపగ్రహ బీమ్‌లో మొదటి వంతు సందేశాలకే కేటాయించాలి, మిగిలినదే తక్కినవాటికి ఇవ్వాలి. ఉపగ్రహ సిగ్నల్ కాంక్రీటు కప్పును సరిగా దాటదు కనుక డాబా ఎక్కి ఆకాశం కనబడేలా ఫోన్ పట్టుకోవాలన్న సంగతి కూడా జనానికి ముందే తెలిసి ఉండాలి.

విద్యార్థులు ఈ రంగంలో ప్రాజెక్టు ఎంచుకుంటే, పటం మీది గీతను ప్రామాణికంగా తీసుకోకండి. నిజాంపట్నం నుంచి బయల్దేరే పడవ ఎక్కండి. తీరం కనుమరుగయ్యాక, అలల ఊపుకు చెయ్యి నిలవని చోట ఫోన్ పట్టుకుని, ఉపగ్రహం దిగంతానికి దగ్గరగా ఉన్న నిమిషంలో సందేశం పంపి, అది ఎన్ని ప్రయత్నాలకు చేరిందో రాసుకోండి.